రెండంగుళాల వదులు

అమ్మకి, ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కంగారుపడకుండా చదువు.

నిన్న పోటీకి వెళ్లడమే పెద్ద తంటా అయింది. నా పోల్‌వాల్ట్ గడ బస్సులో పట్టదని ఇద్దరు కండక్టర్లు నన్ను దింపేశారు. మూడో అతను "ఏంటమ్మా ఇది, జెండా కర్రా?" అంటూ టాపు మీద కట్టనిచ్చాడు. తీరా మైదానంలో నా వంతు వచ్చేసరికి ఎదురుగాలి. రెండుసార్లు బార్‌ను తన్నేశాను. ఆఖరిసారి కాళ్లు దాటాయి, నడుము దాటింది, తల కూడా దాటింది. పరుపు మీద పడ్డాక చూస్తే బార్ నా పక్కనే పడి ఉంది. కోచ్ గారు తల పట్టుకుని, "నువ్వు దాటావమ్మా, నీ జెర్సీ దాటలేదు" అన్నారు.

అక్కకి కూడా పనికొస్తుందని నువ్వు రెండంగుళాలు వదులుగా కుట్టిన జెర్సీ అది. గాలికి గొడుగులా ఉబ్బి బార్‌కి తగిలింది. వద్దంటే విన్నావా?

జెర్సీ పార్సిల్ చేశాను. రెండు పక్కలా లోపలికి కుట్టి పదో తారీఖుకల్లా పంపు. పదిహేనున సెలక్షన్లు, అవి పోతే ఈ ఏడాది పోయినట్టే. మిషను బెల్టు మార్పించావా? నాన్న కళ్లజోడు దొరికిందా? ఆయనకి నా నమస్కారాలు. అక్కని అడిగానని చెప్పు. ఈసారి కూడా తనకి సరిపోయేలా కుట్టావంటే, ఎగరడానికి తననే పంపించు.

నీ చిన్నది