లియాంగ్‌కెంగ్ స్టేషనుకు అమ్మవారు ఒప్పుకోలేదు

జిల్లా కార్యాలయం, పాత కట్టడాల విభాగపు అధికారి గారికి, లియాంగ్‌కెంగ్ నివాసి చువా బున్‌హాయ్ రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా చెక్క స్టేషను బాగుచేసి నడిపే కంపెనీని ఎంచుటలో జనమునకు గల అనుమానములు, వచ్చే సోమవారం జరగబోవు సంతకములు ఆపుట గురించి.

నాకు రాత అంతగా రాదు. తప్పులుంటే మన్నించగలరు.

1. మూడు కంపెనీలు వచ్చినవి. తమ కమిటీ తలుపులు మూసుకొని ఒకదానిని ఎంచినది. ఎవరికెన్ని మార్కులో అడుగగా, చూపుటకు వీలుపడదని జవాబు వచ్చినది. "మార్కులు చూపించరంటే, పరీక్ష రాసింది ఎవరి బావమరిదో" అని పందిమాంసం కొట్టు ఆ-లెంగ్ అందరి ముందూ అన్నది. తప్పుగా అనుకోవద్దు. ఆమె నోరే అంత.

2. ఎంపికైన కంపెనీ ప్లాను ప్రకారము ప్రయాణికుల గది కాఫీ హోటలగును. నా భార్య కిడ్నీ వైద్యమునకు రైలులో పట్నం పోయి వచ్చును. దిగిన తరువాత ఆ గదిలో బల్ల మీద కాసేపు పడుకుంటే గాని ఇంటిదాకా నడవలేదు. కాఫీ కొనని మనిషిని పడుకోనిస్తారా అని కంపెనీ వారిని అడిగితిని. మళ్ళీ ప్లాను బొమ్మే చూపించినారు.

3. నమ్మకం లేనందున, ఏటా ఉత్సవ పెద్దను ఎంచినట్లే దీనినీ మా ఊరి గుడిలో మాజు అమ్మవారి ఎదుట తేల్చమన్నాము. కంపెనీ మేనేజరు క్వో గారు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చొని, అమ్మవారి మాట అడిగే చంద్రవంక చెక్కలు రెండూ నేల మీద వేసినారు. మూడుసార్లూ ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడినవి. అది అమ్మవారి సరే అని తమరికి తెలియనిది కాదు.

"అయిపోయింది. ఆవిడే ఒప్పుకున్నాక మనదేముంది?" అన్నారు గుడి కమిటీ లిమ్ గారు.

"అసలు ఏమడిగాడో విన్నావా బాబాయ్?" అన్నది ఆ-లెంగ్.

"మనసులో అడిగేది ఎవరు వింటారే? ఆవిడకి వినబడింది చాలు. నీకూ చెప్పాలా?"

అందరూ నవ్వినారు. మరునాడు "అమ్మవారి అనుమతితో" అని కంపెనీ వారు స్టేషనుకు బ్యానరు కట్టినారు.

4. ఈ ఏడు ఉత్సవ పెద్దను నేనే గనుక, చెక్కలు ఏరి ఇచ్చుటకు ఆయన పక్కన ఉంటిని. ఆయన గొణుగుతూ అడిగినారు. నాకు వినబడినది. అది స్టేషను సంగతి కాదు. ఒకరి మొక్కు ఇంకొకరు బయటపెట్టుట మా వద్ద లేదు. అందుచేత అక్కడ ఊరకుంటిని. అప్పటినుండి కూర్చోలేను, నిలవలేను.

కావున సంతకములు ఆపి, మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టించి, మూడు కంపెనీలనూ ఊరి ముందు గొంతెత్తి మాట్లాడించవలెను. ముందుగా ఆ బ్యానరు తీయించవలెను. అమ్మవారి పేరున అబద్ధం వేలాడుచున్నది.

పై సంగతులు తమరు చిత్తగించి, సోమవారం లోపల ఒక మాట చెప్పించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయుడు,
చువా బున్‌హాయ్

తా.క.: ఏమడిగినారో రాయనిదే మీరు నమ్మరని నా భార్య అంటున్నది. "అమ్మా, ఈ ఉద్యోగం మానెయ్యనా?" అని అడిగినారు. మూడుసార్లూ అదే. ఆయన ఇంకా మానలేదు. ఈ మాట ఆయన కంపెనీకి చేరనివ్వకండి. మానుకునే పని ఆయన్నే చేసుకోనివ్వండి.