కూర్చున్నవాడి నడక

చిట్టికి, మేనమామ ఆశీస్సులు.

అసలీ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. నువ్వు పంపిన మోకాలి పట్టీ కట్టుకున్నాను. అందులో ఏదో పొడి కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొర ఉందనీ, అది వంగినప్పుడల్లా కరెంటు పుట్టి బుల్లి దీపం వెలుగుతుందనీ, ఎన్నిసార్లు వంగిందో లెక్క నీ కంప్యూటర్‌కి చేరుతుందనీ రాశావు. వంగితేనే కరెంటు పుట్టేటట్టయితే, ఉద్యోగం చేసినన్నాళ్ళూ టికెట్ల కిటికీలో కూర్చుని పై అధికారులకు వంగిన వంగుళ్ళకి నేను ఊరంతా దీపాలు పెట్టేవాణ్ణి.

మామయ్య

తా.క.: మీ అత్తయ్య నాతో ఒకే బల్ల దగ్గర కాఫీ తాగనంటోంది. తొణుకుతోందట.

*

మామయ్యా, నమస్కారాలు.

మీరు మనిషా, మరమగ్గమా? పొద్దస్తమానం నడుస్తూనే ఉన్నారు! పెద్దవాళ్ళ నడకకి ఈ పట్టీ పనికొస్తుందని తేలకపోతే మా ప్రయోగం మూసేస్తారు. మీ కాలి మీదే నా ఉద్యోగం నిలబడింది.

మీ చిట్టి

తా.క.: అత్తయ్య కునుకు తీసే వేళే లెక్క ఎక్కువొస్తోంది. ఎక్కడికెళ్తున్నారు?

*

చిట్టికి, ఈసారి సగం ఆశీస్సులే.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్తయ్య చదివింది. "ఎవరింటికి?" అంది.

"గడప దాటలేదే!"

"కంప్యూటర్‌కి మీమీద పగా?" అని నా చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇప్పుడు నేను కుర్చీలో, ఆవిడ కాపలా. మనసు మనసులో లేదు.

మామయ్య

తా.క.: ఎవరింటికో తెలిస్తే నాకూ రాయి.

*

మామయ్యా,

లెక్క రెట్టింపయింది! చెప్పుల్లేకుండానా? మా పెద్దసారు మీ నడక చూడ్డానికి శుక్రవారం స్వయంగా వస్తున్నారు. ఆయన ఊఁ అంటేనే మా పని సాగుతుంది. పరువు కాపాడండి.

మీ చిట్టి

తా.క.: అత్తయ్యా, తాళం తీయవూ!

*

చిట్టికి, నిండు ఆశీస్సులు.

మీ సారు వచ్చాడు. "నడవండి" అన్నాడు. వీధి తలుపు దాకా నడిచాను. దీపం మిణుకుమని ఊరుకుంది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. నీ ఉద్యోగం నా చేతుల్లోనే పోయిందనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. అంతే, దీపం భగ్గుమంది! చూస్తే నా మోకాలు దానంతటదే దడదడా ఊగిపోతోంది.

"ఈ ఊపు ఎన్నాళ్ళనుంచి?" అన్నాడాయన.

వంటింట్లోంచి మీ అత్తయ్య, "పెళ్ళిచూపుల్నుంచి. అప్పుడే అనుమానించాల్సింది" అంది.

ఆయన నవ్వలేదు. "నడవలేనివాళ్ళకీ పనికొస్తుందన్నమాట. ప్రయోగం ఆపం" అన్నాడు. అంటున్నంతసేపూ ఆయన మోకాలూ ఊగుతూనే ఉంది. వెళ్తూ వెళ్తూ తనకీ ఒక పట్టీ ఉంచమని నీకు రాయమన్నాడు.

చెప్పులు తిరిగొచ్చాయి.

మామయ్య

తా.క.: ఇప్పుడు దీపం ఆరితే, "ఏమిటా బద్ధకం, ఊపండి" అంటోంది మీ అత్తయ్య. నిన్న సాయంత్రం కుర్చీ కాలు విరిగింది. మేకు కొట్టాను.