డ్రోన్‌కు కట్టిన రాగి రేకు

చింతామణి

అంబుజక్కకు,

ఫోన్‌లో చెబితే సగం వినకముందే కంగారు పడతావని రాస్తున్నాను. బాగేపల్లిలో మొదటి పెళ్లి షూటింగ్‌కే మన కొత్త డ్రోన్ జీపీఎస్ శాటిలైట్లు దొరక్క గాలికి కొట్టుకుపోయింది. రిమోట్ సిగ్నల్ కూడా తెగిపోయి, పక్కనున్న మల్బరీ తోటలో పడింది. ఒక రెక్క విరిగింది, అంతే. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

రెక్క, బ్యాటరీ మార్చాను, కంపాస్ సరిచేశాను, లాభం లేకపోయింది. ఇక్కడ రిపేరు షాపు జనార్దనన్న చూసి నవ్వాడు. "వీపు మీద రాగి రేకు కట్టినావు గదప్పా, దానికి ఆకాశం యాడ కనబడుతాది?" అన్నాడు.

డ్రోన్‌కు పూజ చేసిన రోజు నువ్వు రక్షగా ఎర్రదారంతో కట్టిన రేకే అక్కా. విప్పేశాను. ఇప్పుడు శాటిలైట్లు దొరికి, గాలిలో కదలకుండా నిలబడుతోంది.

కోపం తెచ్చుకోకు, రేకును పారేయలేదు. "పైకి ఎగిరేదానికి ఒక కావలి ఉండాల" అన్నావు కదా. ఆ ఎగిరేదాన్నే చూస్తూ మిద్దెల అంచుల మీద వెనక్కి నడిచేది నేను. రేకు చుట్టి తాయెత్తులా నా చేతి రెట్టకు కట్టుకోబోతే, డ్రోన్ కొలతకు తెంచిన దారం చాలలేదు.

ఆదివారం వస్తాను. ఈసారి నా రెట్ట కొలిచి నువ్వే కట్టు.

నీ తమ్ముడు