తాగమని అనని కాఫీ

తల్ అల్ సఖ్ర్,
అక్టోబరు 9, ఆదివారం.

తమ్ముడు అబూ ఫవ్వాజ్‌కి,

సలాం. నిన్నూ, మరదలినీ, నీ గొర్రెల్నీ అల్లా చల్లగా చూడాలి. నాకు రాత నేర్పింది సైన్యం. తప్పులుంటే సైన్యాన్ని తిట్టుకో.

మొన్న శుక్రవారం పెద్దమనుషుల్ని వెంటేసుకుని మా ఇంటికి వచ్చావు. కాఫీ పోయించాను. షేక్ కప్పు కింద పెట్టి, మా మాట చెల్లిస్తేనే ముడతాం అన్నాడు. నా కొడుకు హాయిల్ చావుకి నష్టపరిహారం ఇమ్మని సర్కారు మీద నేను వేసిన దావా వెనక్కి తీసుకోవాలి, అదీ ఆ మాట. మా తాత రోజుల నుంచి మా ఇంట్లో ఎవరి కాఫీ చల్లారలేదు. మొన్న చల్లారింది. తాగండి అని నేననలేదు. మీరు వెళ్లాక కప్పులన్నీ నేనే ఇసకలో పారబోశాను. నీ కప్పు కూడా.

వెళ్తూ వెళ్తూ మీవాళ్లలో ఎవడో, ముసలాడు కొడుకు నెత్తురు అమ్ముకుంటున్నాడు అన్నాడు. నాకు చెవుడు ఒక చెవికే అని వాడికి చెప్పు. షేక్ తెచ్చిన డబ్బు సంచీ మూతి కూడా నేను విప్పలేదు. అది తీసుకుంటే, నా కొడుకు మెట్ల మీంచి పడి చచ్చాడని ఠాణావాళ్లు రాసిన కాగితమే నిజమైపోతుంది. వాడి ఒళ్లు కడిగింది నేను. వీపు మీద ఆ లాఠీ వాతలు మెట్లు పెట్టాయా? ఠాణావాళ్లు కొట్టబట్టే పోయాడని తేలితే తప్ప సర్కారు పరిహారం ఇవ్వదని లాయరమ్మ చెప్పింది. అందుకే అడుగుతున్నా. ఒక్క దీనారు ఇచ్చినా చాలు, ఆ మాట రాసివ్వాలి.

హాయిల్ కూతురు, మెట్లంటే ఏంటి తాతా అని అడిగింది. మన ఊళ్లో మెట్లున్న ఇల్లు ఒక్కటీ లేదు కదా.

అంతమందిలో నువ్వొక్కడివే నోరు విప్పలేదు. తల వంచుకుని కూర్చున్నావు. ఆ రోజు ఠాణాలో నీ కొడుకు డ్యూటీలో ఉన్నాడని ఊరంతటికీ తెలుసు. నా మీద కోపం ఉంటే ఉంచుకో. బుధవారం అమ్మాన్‌లో వాయిదా. దావా నడుస్తుంది.

నీ అన్న,
ముత్లఖ్

తా.క.: నీవాణ్ణి కాపాడుకోవడానికి నువ్వు వచ్చావు. నీవాడు నిన్న నా దగ్గరికి వచ్చాడు. దొడ్డి వెనక నిలబడి ఏడ్చాడు. కొట్టినవాళ్లలో తనూ ఉన్నానన్నాడు. హాయిల్ గుర్తుపట్టి, ఫవ్వాజ్, నువ్వేనా, కాసిని నీళ్లియ్యరా అన్నాడట. ఇవ్వలేదట. బుధవారం జడ్జి ముందు అంతా చెప్తానన్నాడు. ఉద్యోగం పోతుందనీ, జైలు తప్పదనీ వాడికి తెలుసు. వాడి భయమంతా నువ్వే. మా నాన్నకి చెప్పొద్దు పెదనాన్నా అన్నాడు. నీకు చెప్పకుండా నీ కొడుకుని నీ గుమ్మంలోంచి తీసుకెళ్లడం నాకు చేతకాదు. వాణ్ణి నేను క్షమించలేదు. అయినా నా బండిలోనే తీసుకెళ్తాను. బుధవారం తెల్లారగానే మీ ఇంటి ముందు హారన్ కొడతాను. ఆపకు.