కుందేలు కింద వేసిన గడ్డి

ఏమండీ, నేనూ పాపా ఆగిరిపల్లిలో అక్క కూతురి సీమంతానికి వెళ్తున్నాం. చీకటి పడేలోపు వచ్చేస్తాం. అన్నం, పప్పు పొయ్యి పక్కన మూత పెట్టి ఉన్నాయి.

కుందేలుని ఒట్టి ఇనుప మెష్ మీద ఉంచకండి, దాని అరికాళ్ళు పుండ్లు పడుతున్నాయి. బోనులో చెక్క వేసి గోనెపట్టా పరిచాను. పట్టా తడిస్తే మార్చి, పైన మన వాములోంచి లాగిన గడ్డే వేయండి.

మామిడికాయల షెడ్డు నుంచి మొన్న మీరు తెచ్చిన గడ్డి మాత్రం వద్దు. అది వేసిన దగ్గర్నుంచి కుందేలు తుమ్ముతూనే ఉంది, మేత ముట్టలేదు. ఆ గడ్డి తీసి దులిపితే బూడిదరంగు పొడి రాలింది. దాంతోపాటు వెల్లుల్లి వాసన కొడుతూ ఒక కాగితం పొట్లం పడింది. ఆ పొట్లమే ఈ చీటీ మీద బరువుగా పెట్టాను.

కాయలు మాగెయ్యడానికి ఈ ఏడు కార్బైడ్ జోలికి పోనని పాప తల మీద చెయ్యేసి చెప్పారు. ఇది పాత పొట్లమని అంటారేమో. గడ్డి మొన్నటి కోతదే కదండీ. నన్ను వెర్రిదాన్ని చెయ్యకండి.

సీమంతానికి పట్టుకెళ్ళమన్న రెండు మామిడిపళ్ళ పెట్టెలూ గుమ్మంలోనే వదిలేశాను. కడుపుతో ఉన్న పిల్లకి ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?

ఇంకో మాట. అంత షెడ్డు ఉండగా, ఇంట్లోకి రసాలు మాత్రం ఏటా మేడగదిలో వేరేగా, ఒట్టి గడ్డిలో మాగేస్తుంటే, మా మీద ప్రేమనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.