తప్పెట మీద స్టిక్కర్

ఆదివారం, ఖిదిర్‌పూర్, కలకత్తా

కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే భత్యం మా తప్పెటగుళ్ల జట్టుకు ఆగిపోకూడదని ఈరోజు ఎన్నికల ఊరేగింపులో ఆడాం. బయలుదేరేముందు పార్టీ దాదా వచ్చి, మా రొమ్ముల మీది తప్పెటలన్నిటికీ అభ్యర్థి ఫొటో స్టిక్కర్లు అంటించాడు. కొడితే అట్టపెట్టెను కొట్టినట్టుంది.

"తోలు మీద అంటిస్తే పలకదు దాదా," అన్నాడు జట్టును నడిపే అప్పారావు మావయ్య.

"గానా రికార్డు మైకులో వస్తుంది కాకా. మీరు ఆడితే చాలు," అన్నాడు దాదా.

మావయ్య తప్పెట సర్దుకుని వరుసలో ముందుకెళ్లి నిలబడ్డాడు. నాకు కోపం రావాలి. రాలేదు. భత్యం కోసమనా, లేక అలవాటైపోయిందా...

ఇంటికొచ్చి తడిగుడ్డతో స్టిక్కర్ తీయబోతే మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీరా, తోలు సిరిగిపోతాది. ఈడు ఓడిపోతే, కొత్తగా వచ్చినోడు దీని మీదే అంటిస్తాడు."