బటన్‌లో నా సన్నాయి

కువైట్,
శుక్రవారం.

తమ్ముడు మస్తాన్‌కు అన్న హుసేన్ రాసేది. నేనిక్కడ క్షేమం. అక్కడ చిన్నాయన, చిన్నమ్మ, నీ భార్యాపిల్లలు క్షేమమని తలుస్తాను. నీ క్షేమం మాత్రం ఈసారి అడగబుద్ధి కావడం లేదు. ఫోన్ చేస్తే మాట మార్చి పెట్టేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ఇక్కడి ఎండ ముందు మన ప్రొద్దుటూరు ఎండ ఏపాటిది. లాండ్రీలో ఇస్త్రీ పని, పొద్దంతా ఆవిరి ముఖాన కొడుతూనే ఉంటుంది. తిండికి లోటు లేదు, సంగటి మాత్రం రూములో ఎవరికీ కుదరదు. బాగానే ఉన్నాను, దిగులు పడొద్దని చిన్నాయనకు చెప్పు. సన్నాయి ఊదనిస్తే ఇంకా బాగుండేవాణ్ణి. పక్క మంచాలవాళ్ళు ఒప్పుకోరు.

నువ్వు పంపిన పాట విన్నాను. చిన్నప్పుడు బస్టాండు దగ్గర వీడియో గేముల అంగట్లో మనం ఆడిన గుర్రం ఆట బాణీ. ఆటలో అది టింగుటింగుమని ఆగకుండా తిరిగేది. మొన్న మా రూములో ఫిలిప్పీన్స్ అతను అదే బాణీని గిటారు మీద వాయించాడు, నిదానంగా, జోలపాటలా. ఎక్కడో పెద్ద వాద్యబృందం వాయించింది కూడా ఫోన్లో వినిపించాడు. యుద్ధానికి బయలుదేరినట్టుంది. ఎవరి పద్ధతి వాళ్ళది, ఎవరూ దాన్ని పాడుచేయలేదు. ఆ పని నువ్వు చేశావు.

పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చేటప్పుడు మనం ఆ బాణీ ఎట్లా వాయించేవాళ్ళం? నేను సగం ఊది ఊపిరి తీసుకుంటే, ఆ సందులో చిన్నాయన డోలు మీద దెబ్బలు వేసేవాడు. జనం తలలు ఊపేది ఆ దెబ్బలకే. నువ్వు నా రికార్డింగును కీబోర్డులోకి ఎక్కించి, నేను ఊపిరి తీసుకున్న చోటు కోసేశావు. కింద డోలుకు బదులు కరెంటు ప్యాడ్ల మోత పెట్టావు, గోడ పగలగొడుతున్నట్టు. సొంత నాయనని కూడా చూడకుండా చిన్నాయనను ఇంట్లో కూర్చోబెట్టావు. నా పక్కన జతగా ఊదేవాడివి, నీ సన్నాయి కూడా మూలన పెట్టావు. "అన్నా, నువ్వు రాకపోయినా ఏం పర్వాల్యా, నీ సన్నాయి బటన్‌లో ఉండాది" అని గొప్పలు పోయావు. సిగ్గు లేకపోతే సరి.

పులివెందుల పెళ్ళి సంగతి నువ్వు దాచినా చిన్నాయన చెప్పాడు. పంతులు గట్టిమేళం అనగానే తప్పు బటన్ నొక్కావట. ఆ గుర్రం ఆటలోనే మనిషి చచ్చిపోయినప్పుడు వచ్చే బాణీ, నేనెప్పుడో తమాషాకు ఊది రికార్డు చేసి పెట్టింది, సరిగ్గా తాళి కట్టేటప్పుడు మోగిందట. తుమ్ము కూడా వినపడకూడదనే కదరా గట్టిమేళం పెట్టేది. పెళ్ళికూతురి నాయన లేచి, "ఎవడప్పా ఆ ఏడుపు ఊదినోడు?" అన్నాడట. నువ్వేమో, "మా అన్న సామీ, కువైట్లో ఉండాడు. తప్పు ఆయప్పదే" అన్నావట.

పొరపాటు ఎవరైనా చేస్తారు. దాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దావే, అది నాకు మింగుడుపడటం లేదు. ఇక్కడ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నవాణ్ణి, అక్కడ శుభకార్యం చెడగొట్టినవాణ్ణయ్యాను. చిన్నాయన "పోనీలేప్పా, చిన్నోడు" అంటాడు. ఇద్దరు పిల్లల తండ్రి చిన్నోడేంది? మేళం మాట్లాడుకున్న జమ్మలమడుగు పెళ్ళివాళ్ళు కూడా "ఆ కువైటోని సన్నాయి మాకొద్దప్పా" అన్నారట. నాకు వచ్చింది ఆ విద్య ఒక్కటే. రేపు నేను తిరిగొస్తే ఏ పందిట్లో కూర్చోవాలి?

ఉత్తరం అందిన వెంటనే చిన్నాయనను వెంటబెట్టుకుని పులివెందుల పో. ఆ ఇంటి ముందు నిలబడి, బటన్ నొక్కింది నేనేనని చెప్పు. తిడితే పడు. తర్వాత నా సన్నాయిని ఆ మిషన్లోంచి తీసేయ్. చిన్నాయనకు, చిన్నమ్మకు నా సలాములు, వాళ్ళ దువా నాకు కావాలి. పిల్లలకు ముద్దులు. వాళ్ళ మీద నాకే కోపమూ లేదు.

రంజాన్‌కు ముందే వస్తున్నాను, టికెట్ కొనడం కూడా అయిపోయింది. పులివెందుల పోయి చెప్పివచ్చావా, ఎప్పటిలా నా పక్కన కూర్చుని ఊదు. పోలేదా, చిన్నాయన డోలు పెట్టుకుని నేనొక్కణ్ణే ఊదుకుంటాను. నీ జతగాడేడప్పా అని పందిట్లో ఎవరన్నా అడిగితే, మా తమ్ముడు బటన్‌లో ఉండాడని చెబుతాను.

ఇంకా నీ అన్ననే,
హుసేన్